స్కోరు కెమెరాకి అప్పజెప్పే ముందు

చిట్టితల్లీ,

మీ రోబో పోటీల్లో ఈసారి స్కోరింగంతా కెమెరాలతోనేనట, ఆ పని నీ చేతిలోనే పెట్టారట. మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. హాలు నిండాక వైఫై పని చేయదు, కెమెరాలకు కేబుళ్లు లాగించు. స్కోరు చూసే కెమెరా వేరు, ప్రేక్షకులకు ఆట చూపించేది వేరు. ఒక్కదానితో రెండు పనులూ చేయించకు. ఏ రోబో ఎక్కడుందో కెమెరా గుర్తుపట్టేలా రోబోల మీద ఏప్రిల్‌ట్యాగ్‌లనే గుర్తులు అతికించు. ఆ నలుపు తెలుపు గళ్లను బడిపిల్లల రోబో పోటీ ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్ మైదానంలో 2023 నుంచి వాడుతున్నారు. గిర్రున తిరిగే రోబో మీద ట్యాగ్ వంకరపోకుండా బొమ్మ మొత్తాన్నీ ఒక్కసారే పట్టే గ్లోబల్ షట్టర్ కెమెరా తీసుకో.

ఇక ఎక్స్‌పోజర్, అంటే కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్నది. దీన్ని ఆటోలో వదిలేశావంటే నేను ఊరుకోను.

ఒకసారి ఇలాంటి పోటీకే కెమెరా స్కోరింగ్ చూస్తూ నేను వదిలేశాను. ముందురోజు రాత్రి హాలు లైట్ల కింద నారింజ బ్లాకులు, ఎర్ర బ్లాకులు చక్కగా విడిగా కనిపించాయి, సరిపోయిందనుకున్నాను. మర్నాడు సెమీఫైనల్లో ఒక రోబో తెల్ల ఎల్‌ఈడీలు వేసుకుని గోల్ దగ్గరకొచ్చింది. ఆ వెలుగుకి కెమెరా బొమ్మ మొత్తాన్నీ చీకటి చేసేసింది. నారింజ బ్లాకొకటి ఎరుపుగా లెక్కకెక్కి, ఎదుటి జట్టు ఖాతాలో పడింది. తెర మీద స్కోరు వచ్చేసింది, చప్పట్లూ అయిపోయాయి. ఒక పిల్ల స్క్రూడ్రైవర్ చేతిలోనే పట్టుకుని నా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "సార్, ఆ మూడోది మాదే" అంది. ఆ మూడోదాన్ని నా కళ్లతో నేనూ చూశాను. అయినా "కెమెరా తప్పు చెప్పదమ్మా" అన్నాను. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి రికార్డింగ్ తిప్పి చూస్తే బ్లాకు నారింజే. అప్పటికి కప్పు ఇచ్చేశాం.

అందుకే ఎక్స్‌పోజర్, రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ రెండూ ఆటోలో మారకుండా చేత్తో బిగించు. పగలోసారి, రాత్రోసారి, రోబోల లైట్లన్నీ వేయించి మరోసారి పరీక్షించు. మనిషి సరే అనందే స్కోరు తెర మీదికి రాకూడదు. రోబోకప్ అనే అంతర్జాతీయ పోటీలో, చిన్న రోబోల ఫుట్‌బాల్‌కి ఆటో రెఫరీ సాఫ్ట్‌వేర్లున్నా మనిషి రెఫరీని తీసేయలేదు. ఫిర్యాదు వస్తే వీడియో చూస్తారో లేదో ముందే నిబంధనల్లో రాయించు. 2024లో ఫస్ట్ వాళ్ల నిబంధనల్లో హెడ్ రెఫరీ రికార్డింగ్ చూడరనే ఉండేది, ఆ సంగతి జట్లకు ముందే తెలుసు. చెప్పకుండా మధ్యలో మార్చడమే అన్యాయం.

కోప్పడ్డాననుకోకు, బంగారం. ఇంత పని నీకు అప్పగించారంటే నువ్వెంత ఎదిగావో తెలుస్తూనే ఉంది. పోటీ రోజున స్కోరు టేబుల్ పక్కన నాకో కుర్చీ వేయించు. కాగితం మీద నేనూ లెక్కపెడతాను. నీ కెమెరాకీ నా కాగితానికీ తేడా వస్తే, ఇద్దరం లేచి వెళ్లి బ్లాకులు చూసొద్దాం.

పెదనాన్న