11 నెలల అద్దె ఇంటికి 24 నెలల ఈఎంఐ

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు మూడు నెలల కిందట అద్దెకు వచ్చాం. అగ్రిమెంటు 11 నెలలు, అడ్వాన్సు 32 వేలు. వంటగది చాలా అధ్వానంగా ఉంది. గట్టు కింద అంతా ఖాళీ, కడప బండల అరలు, పసుపు మరకల టైల్స్. మా వారి జీతం చేతికి 54 వేలు. ఏటా 22 వేల బోనస్ వస్తుంది. బ్యాంకులో 38 వేలున్నాయి. 20 నెలల లక్ష చీటీలో 7 నెలలు కట్టాం. కార్పెంటర్ లక్షన్నరలో మాడ్యులర్ కిచెన్ చేస్తానన్నాడు, ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లొచ్చట. 5 వేలు అడ్వాన్సు ఇచ్చాం. యాప్‌లో 16 శాతానికి రెండేళ్ల పర్సనల్ లోన్ చూపిస్తోంది. లోన్ తీసుకోమంటారా, చీటీ పాడుకోమంటారా? మా అత్తగారు బంగారం తాకట్టు పెట్టమంటున్నారు. మాకు నాలుగేళ్ల బాబు.

జవాబు: లోన్ వద్దు, చీటీ పాడొద్దు, బంగారం బీరువాలోంచి తీయొద్దు. వంటగది మాత్రం బాగుచేసుకోండి. దానికి 8,400 రూపాయలు చాలు, అదీ మూడు నెలల్లో, జీతంలోంచే. ఎలాగో కింద రాశాను. ముందు మీరు వేయని లెక్క ఒకటుంది, అది చూడండి.

మీరు పంపిన ఖర్చుల చిట్టా ప్రకారం అద్దె, మెయింటెనెన్స్ కలిపి 18 వేలు. సరుకులు, పాలు, గ్యాస్ 11 వేలు. బాబు స్కూలు, వ్యాను 5 వేలు. పెట్రోలు, కరెంటు, ఫోన్లు నాలుగున్నర వేలు. బండి ఈఎంఐ 3,400. చీటీ 5 వేలు. మొత్తం 46,900. అంటే నెలకు మిగిలేది 7,100. లక్షన్నర లోన్‌కు 16 శాతం చొప్పున 24 నెలల ఈఎంఐ 7,344. మొదటి నెలలోనే 244 రూపాయలు తక్కువ పడతాయి. బాబుకు జ్వరం రాకపోయినా, ఊళ్లో పెళ్లి లేకపోయినా పరిస్థితి ఇది. ఆ తక్కువను ఎక్కడ సర్దుతారు? క్రెడిట్ కార్డు మీద. అక్కడ బాకీ మిగిలితే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ, అంటే ఏడాదికి 42 శాతం దాకా. ఇలా మొదలైన అప్పు అసలు తీరడానికి ఏళ్లు పడుతుంది.

యాప్‌లో కనిపించే 16 శాతం కూడా అసలు రేటు కాదు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 3,540 ముందే కోసుకుంటారు. మీ చేతికొచ్చేది 1,46,460. ఈఎంఐ మాత్రం పూర్తి లక్షన్నర మీదే. అలా చూస్తే వార్షిక రేటు 18.5 శాతం దగ్గర తేలుతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ లోన్‌కూ ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటును కీలక వివరాల పత్రంలో చూపించాలి. ఆ పత్రం తెరవకుండా 'ప్రీ అప్రూవ్డ్' అన్న మాట చూసి బటన్ నొక్కేవాళ్లే ఎక్కువ. అది మీకు వాళ్లిచ్చిన గౌరవం కాదు, అమ్మకం.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబివ్వడానికి కారణం గడువు. ఇల్లు మారిన కొత్తలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీ అగ్రిమెంటులో ఇంకా 8 నెలలే ఉన్నాయి. లోన్ 24 నెలలు. ఓనరు అమ్మాయి పెళ్లయి ఫ్లాటు కావాలన్నా, అద్దె 3 వేలు పెంచినా, మీవారి ఆఫీసు మారినా, మీరు వేరే ఇంట్లో ఉండి ఇక్కడి వంటగదికి మరో 16 ఈఎంఐలు కడతారు. అది 1,17,504 రూపాయలు.

'విప్పి తీసుకెళ్లొచ్చు' అన్న మాట నమ్మకండి. ఆ పెట్టెలు ఈ గది కొలతలకు కోసినవి. సింకు పైపు కోసం వెనక పలకకు వేసిన కోత ఇంకో ఇంట్లో సరిగ్గా అదే చోట ఉండదు. పార్టికల్ బోర్డులో (చెక్కపొట్టు అదిమి చేసిన పలకలో) మర ఒకసారి విప్పితే అదే రంధ్రంలో మళ్లీ గట్టిగా పట్టదు. నీళ్లు తగిలిన కింది అంచులు అప్పటికే ఉబ్బి ఉంటాయి. విప్పే కూలి, వ్యాను, మళ్లీ బిగించే కూలి పోను పనికొచ్చేవి తలుపుల కబ్జాలు, వైరు బుట్టలు. గోడకు వేసిన రంధ్రాలకు, పగిలిన టైల్స్‌కు ఓనరు మీ 32 వేలల్లోంచే కోసుకుంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించిన అంకె: 38 వేలు. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో, నాలుగేళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో, ఉన్న నిల్వ ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. ఉద్యోగం పోతే 25వ రోజున డబ్బు అయిపోతుంది. కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూలు, ఆఫర్ లెటరు, మొదటి జీతం పడేసరికి మూడు నాలుగు నెలలు సులువుగా గడుస్తాయి. ఆ రోజుల్లో అద్దె ఆగదు, బండి ఈఎంఐ ఆగదు, చీటీ ఆగదు. వంటగది అందం గురించి మాట్లాడే ముందు ఈ గొయ్యి పూడ్చాలి, అంటే ఆరు నెలల ఖర్చు నిల్వ ఉండాలి. దీని విషయంలో రాజీ లేదు.

మీ దగ్గరున్న డబ్బుతోనే ఇది పూడుతుంది. మొదటి మూడు నెలలు మిగులులోంచి 2,800 వంటగదికి, 4,300 అత్యవసర నిధికి. నాలుగో నెల నుంచి మొత్తం 7,100 నిధికే. ఎనిమిదో నెలతో మీ బండి లోన్ తీరుతుందన్నారు. అప్పటికి 38 వేలు కాస్తా 86,400 అవుతుంది. ఆ తర్వాత బండి ఈఎంఐ కూడా కలిపి నెలకు 10,500 చొప్పున ఐదు నెలలు వేస్తే 1,38,900. సరిగ్గా అప్పటికి, అంటే 13 నెలలకు, మీ చీటీ పూర్తవుతుంది. చివరిదాకా ఆగితే నిర్వాహకుడి కమిషన్ 5 శాతం పోను 95 వేలు వస్తాయి. మొత్తం 2,33,900. చీటీ, బండి రెండూ లేని మీ నెల ఖర్చు అప్పుడు 38,500. ఆరు నెలలకు 2,31,000. సరిపోయింది కదా. అదే చీటీని ఎనిమిదో నెలలో పోటీపడి పాడితే చేతికి 75, 80 వేలు రావచ్చు, మిగతా నెలలు మాత్రం కట్టక తప్పదు. పాటలో వాటా తగ్గిన నెలల్లో మిగిలే వందలు కూడా ఇదే ఖాతాలో వేయండి.

ఇక్కడ ఒక షరతుంది. ఆ చీటీ 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదేనా? పాస్‌బుక్, రిజిస్టరు నంబరు అడిగి చూడండి. కాలనీలో తెలిసినవాళ్లు నడిపే చీటీ అయితే ఆ 95 వేలను చేతికొచ్చేదాకా లెక్కలో రాయొద్దు. లక్ష్యం చేరడానికి మరో ఆరు నెలలు పడుతుందనుకుని సాగండి. నిధిని జీతం పడే ఖాతాలో ఉంచకండి. సగం యూపీఐకి కలపని వేరే బ్యాంకు ఖాతాలో స్వీప్ డిపాజిట్‌గా (మిగులు డబ్బును తానే ఎఫ్‌డీగా మార్చే ఖాతా), సగం లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. సోఫా సేల్‌లో వచ్చింది, ఫోన్ పగిలింది అన్నవి అత్యవసరాలు కావు.

బోనస్ 22 వేలతో చిమ్నీ కొందామనుకున్నారు. అది ఆరోగ్య బీమాకు. కంపెనీ ఇచ్చిన 3 లక్షల పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, అంటే నిధి అవసరమైన రోజునే బీమా కూడా ఉండదు. పైగా అందులో గది అద్దెకు రోజుకు 1 శాతం పరిమితి ఉంటే 3 వేలు. అంతకు మించిన గది తీసుకుంటే గది తేడాతో ఆగదు, బిల్లులోని మిగతా పద్దులు కూడా ఆ దామాషాలో కోస్తారు. గది అద్దె పరిమితి లేని 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) సొంతంగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద జీఎస్టీ లేదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి వస్తుంది కాబట్టి బీపీ, థైరాయిడ్ ఏమున్నా దాచకుండా రాసి, ఆ గడియారం ఇప్పుడే మొదలుపెట్టండి. మీవారి పేరున టర్మ్ పాలసీ (గడువులోపు చనిపోతేనే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా కావాలి. మొదటి జీతం పెంపు దానికే.

ఇక వంటగది. మొదటి పని ఖర్చు లేనిది: ఇప్పుడున్న స్థితిని వీడియో తీసి, పగిలిన టైల్, కారుతున్న పంపు చూపిస్తూ ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే రోజున అదే మీకు రక్ష. పంపు, ఎగ్జాస్ట్ ఫ్యాను ఓనరు ఆస్తి, ఆయన పెట్టించాలి. పెట్టించకపోతే 'మేం పెట్టించి వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటాం' అని రాయండి. సరే అని రాతపూర్వకంగా వచ్చాకే ఖర్చు పెట్టండి.

గట్టు మీది టైల్స్‌కు అంటించే వినైల్ షీటు వేయండి. మీది 8 అడుగులు ఒకవైపు, 5 అడుగులు ఇంకోవైపు. పొయ్యి వెనక 3 అడుగులు వదిలేయండి, మంట సెగకు వినైల్ ముడుచుకుంటుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. మిగిలిన 10 అడుగులంటే 3 మీటర్లు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 5 మీటర్ల రోలు 500 లోపు. మిగిలే 2 మీటర్లు దాచి, పాడైన చోట ముక్క మార్చుకోండి. ఈ షీట్లు నెలకే ఊడిపోతున్నాయంటే కారణం దాదాపు ఎప్పుడూ నూనె జిడ్డు. గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగి, ఒక రాత్రి ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచాక అంటించండి. రంగు వేసిన గోడ మీద మాత్రం వద్దు, పీకేటప్పుడు డిస్టెంపరు పెచ్చులతో సహా వస్తుంది. తీసేటప్పుడు హెయిర్ డ్రైయర్‌తో వేడిచేస్తే జిగురు మెత్తబడుతుంది. మిగిలిన జిగురుకు కొబ్బరి నూనె.

గట్టు కింద అరలకు డ్రిల్లు అక్కర్లేని స్ప్రింగు రాడ్లు రెండు, పల్చటి కాటన్ కర్టెన్లు, 900. రాడ్డు రబ్బరు చివరలు జిడ్డు బండ మీద జారుతాయి, అక్కడా స్పిరిట్‌తో తుడవాలి. సిలిండరు ఉన్న అరకు కర్టెన్ కట్టకండి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, దానికి బయటికి దారి ఉండాలి. సిలిండరు ట్యూబు మీద ముద్రించిన తేదీ కూడా చూడండి, ఐదేళ్లు దాటితే మార్చాలి. లోపల పప్పులు, ఉల్లిపాయలకు ఆరు ప్లాస్టిక్ బుట్టలు 900. కడప బండల మీద జిగురు లేని షెల్ఫ్ మ్యాట్ మూడు రోళ్లు 600.

డబ్బాలకు నాలుగు అరల స్టీలు ర్యాకు, బేగంబజార్‌లో బేరమాడితే 2,600 ప్రాంతంలో. గోడకు బిగించలేం, ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, కాబట్టి గది మూలకు చేర్చి, బియ్యం డబ్బా అన్నిటికంటే కింది అరలో పెట్టండి. సింకు మీద నిలబడే గిన్నెల స్టాండు 1,400. అంటించే హుక్కులు 400. వాటిని టైల్ మధ్యలో అంటించాలి, గీతల మీద కాదు. అంటించి 24 గంటలు ఆగాకే గరిటెలు తగిలించండి. సింకు దగ్గర మ్యాటు 400.

మార్పు అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించేది వెలుతురులో. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ట్యూబులైటులా ఉండే పొడవాటి లైట్లు) రెండు, 700. ఒకటి పాత ట్యూబు స్థానంలో, ఇంకోటి ప్లగ్గుతో గట్టు వైపు. వెళ్లేటప్పుడు విప్పి తీసుకెళ్లండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఇండక్షన్ స్టవ్ మాత్రం పెట్టొద్దు. 2,000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్ కాలిపోతుంది.

అన్నీ కలిపితే 8,400. కొట్టును బట్టి వందో రెండొందలో అటూ ఇటూ. ఇందులో వినైల్ షీటు, అంటించే హుక్కులు తప్ప ప్రతి వస్తువూ తర్వాతి ఇంటికి మీతో వస్తుంది. మొదటి నెల లైట్లు, షీటు, మ్యాట్లు, హుక్కులు. రెండో నెల ర్యాకు. స్టాండు, బుట్టలు, కర్టెన్లు మూడో నెల. కార్డు మీద 'నో కాస్ట్ ఈఎంఐ'లో ఒకేసారి కొనేయాలనిపిస్తుంది. కొనకండి, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి.

కార్పెంటరుకు ఇచ్చిన 5 వేలు ఈ వారమే అడగండి. బోర్డు కోయకముందైతే తిరిగివ్వడానికి అతనికీ ఇబ్బంది ఉండదు. పూర్తిగా ఇవ్వనంటే ఆ డబ్బుకు 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పుతో గట్టు ఎత్తున కాళ్లున్న బల్ల చేయించుకోండి. మిక్సీ, గ్రైండరు దాని మీదికి వెళ్తే గట్టు మీద కూరగాయలు తరగడానికి చోటు మిగులుతుంది.