‘బాగుంది’ అన్నాక ఇంకేం చెప్పాలి?

ప్రశ్న: మా ఊళ్లో పదిమందిమి నెలకోసారి కూర్చుని ఎవరు తీసిన ఫొటోలు వాళ్లు ముందు పెడతాం. అందరం ‘సూపర్’ అనేసి ఊరుకుంటాం. లోపం చెబితే మొహం మాడ్చుకుంటారు. నొప్పించకుండా, పనికొచ్చేలా ఎలా చెప్పాలి? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ముందు ఓ అర నిమిషం ఏమీ మాట్లాడకుండా ఫొటో చూడండి. కన్ను మొదట ఎక్కడ ఆగింది, అక్కణ్నుంచి ఎటు పోయింది గమనించండి. ఆ తర్వాత తీసినవారిని ఒక్కటే అడగండి: ‘ఇందులో మీరు చూపించాలనుకున్నదేంటండీ?’ ఆయన చెప్పినదీ, మీ కన్ను ఆగినదీ వేరైతే, మీరు చెప్పాల్సింది ఆ తేడా గురించే.

కొల్లేటి ఒడ్డున పక్షులుండే ఆటపాకలో తీసిన గూడబాతు ఫొటో ఉందనుకోండి. ‘బ్యాక్‌గ్రౌండ్ చెత్తగా ఉంది’ అంటే ఎవరైనా నొచ్చుకుంటారు. ‘నా చూపు ముందు కుడి మూలనున్న తెల్లబోర్డు మీదికి పోయింది, ఆ తర్వాతే పక్షి కనపడింది’ అంటే నొచ్చుకోవడానికేమీ లేదు. మీ కంటికి జరిగింది చెప్పారంతే. వెంటనే మార్గం కూడా చెప్పండి: గట్టు మీద రెండడుగులు ఎడమకు జరిగితే బోర్డు చెట్టు చాటుకు పోయేదేమో!

బాగున్నదాన్ని కూడా అంతే కచ్చితంగా చెప్పాలి. ‘పక్షి కంట్లో వెలుగుచుక్క పడింది, తల ఇటు తిప్పేదాకా ఆగినట్టున్నారు’ అంటే, ఆయన మళ్లీ అలాగే ఆగుతారు. ‘సూపర్’ అంటే ఏది నిలబెట్టుకోవాలో తెలియదు. లోపాలు ఆరున్నా, ఆ పూటకు పెద్దది ఒక్కటే చెప్పండి. మిగతావి వచ్చే నెల చూసుకోవచ్చు.

ప్రశ్న: చాలా ఫొటోల గురించి ‘షార్ప్‌గా లేదు’ అంటాం. అంతకుమించి ఏం చెప్పాలో తోచదు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ‘ఒంట్లో బాగాలేదు’ అన్నట్టుంటుంది ఆ మాట. జ్వరమో, దగ్గో తేలితేనే మందు. ఫొటోను నూరు శాతం జూమ్‌లో చూడండి.

దీపాల చుక్కలన్నీ ఒకే వైపు గీతల్లా సాగాయంటే కెమెరా పట్టుకున్న చెయ్యి కదిలిందన్నమాట. ఏపీఎస్-సి కెమెరా (35 ఎంఎం ఫిల్ము కంటే చిన్న సెన్సరున్నది) మీద 200 ఎంఎం లెన్స్ అయితే షట్టర్ వేగం, అంటే అది తెరిచి ఉండే సమయం, కనీసం 1/320 సెకను ఉండాలి. నేల, గోడ స్పష్టంగా ఉండి కోలాటం ఆడేవాళ్ల చేతులు మాత్రమే చెదిరితే కదిలింది మనుషులు. దీన్ని చేతి వణుకును సరిదిద్దే లెన్స్‌లోని స్టెబిలైజర్ ఆపలేదు. షట్టర్ వేగం 1/500కు పెంచాలి, అందుకు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600కో 3200కో వెళ్లాల్సివచ్చినా సరే. కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనపడే చుక్కలు) వస్తే కంటికి సర్దుకుంటుంది, చెదిరిన చెయ్యి సర్దుకోదు.

మూడోది, ఎక్కువమందికి దొరకనిది: ఫొటోలో ఏదో ఒకటి షార్ప్‌గానే ఉంటుంది, కానీ కావాల్సింది కాదు. కనురెప్పలు మసగ్గా ఉండి చెవిపోగు మెరుస్తుంటే ఫోకస్ వెనక్కి జారిందని అర్థం. అదే ఏపీఎస్-సి కెమెరా మీద 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి పెట్టి మీటరున్నర దూరం నుంచి తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం ఆరు సెంటీమీటర్లే. రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్/4కు మారిస్తే పదమూడు దాటుతుంది. ఫోకస్ పాయింటును కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టమనండి.

చెప్పేముందు ఫైలులోని షట్టర్, ఎఫ్ నంబరు చూడండి. ఊహించి చెప్పిన కారణం తప్పైతే, తర్వాత మీరు చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు.

ప్రశ్న: ఫొటో అంచులు కోసి క్రాప్ చేయమని చెప్పొచ్చా? తీసింది తీసినట్టే ఉండాలంటారు కొందరు. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చెప్పొచ్చు. క్రాపింగ్‌ను ఇష్టపడని ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ సైతం, 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీటిగుంటను దాటుతున్న మనిషిని కంచె సందులోంచి తీసినప్పుడు, ఎడమవైపు అడ్డొచ్చిన భాగాన్ని తీసేయాల్సి వచ్చింది. ‘ఎల్’ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కలు దగ్గరుంచుకోండి. ప్రింటు మీద జరుపుతూ చూపిస్తే మాటలతో పనిలేదు.

లెక్క మాత్రం మరవకండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటోలో వెడల్పు సగం, ఎత్తు సగం కోసేస్తే మిగిలేవి ఆరే. 12×8 అంగుళాల ప్రింటుకు చాలు, 18×12కు పలచబడుతుంది. అంత కోయాల్సి వస్తోందంటే, ఈసారి దగ్గరికెళ్లి తీయమని చెప్పండి.