పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అబ్బాయి ఎవరి వైపు?

ప్రశ్న: మేము మెల్‌బోర్న్‌లో స్థిరపడి ఆరేళ్ళయింది. ఇక్కడే బడికి వెళుతున్న మా పదేళ్ళ అబ్బాయి, భారత్‌తో సాకర్ ఆట జరిగినా తాను ఆస్ట్రేలియా వైపే ఉంటానంటున్నాడు. ఆ మాట విని నా మనసు చివుక్కుమంది. మీరు చాలాకాలంగా ఈ జట్టును అభిమానిస్తున్నారు కదా, పుట్టని దేశపు జట్టు మీద అంత మమకారం మీకెలా కలిగింది?
– ఒక తల్లి, మెల్‌బోర్న్

జవాబు: అమ్మా, ఆ మమకారం నాకు ఒక ఓటమి రోజున మొదలైంది. నేను ఈ దేశానికి వచ్చిన 1997లోనే, నవంబరు 29న, మా కార్ఖానాలో నాతో పనిచేసే గ్రీకు పెద్దాయన ఇరాన్‌తో జరిగే ఆట చూడడానికి నన్ను మెల్‌బోర్న్ క్రికెట్ మైదానానికి తీసుకువెళ్ళారు. టెహరాన్‌లో మొదటి ఆట 1-1తో ముగిసింది కనుక, ఇక్కడ గెలిస్తే ఆస్ట్రేలియాకు 1974 తర్వాత మళ్ళీ ప్రపంచ కప్పులో ఆడే అవకాశం దక్కుతుంది. హ్యారీ క్యూయెల్, ఆరెలియో విడ్మార్ చెరొక గోలు కొట్టగా జట్టు 2-0 ఆధిక్యంలో ఉన్నప్పుడు ఒక ప్రేక్షకుడు మైదానంలోకి దూకి గోలు వల చింపాడు. దానిని బాగుచేసేదాకా ఆట ఆగింది. తర్వాత కొద్ది నిమిషాల తేడాతో కరీం బాఘేరి, ఖొదాదాద్ అజీజీ కొట్టిన రెండు గోల్సుతో లెక్క సమమైంది. రెండు ఆటల మొత్తం సమమైతే ప్రత్యర్థి గడ్డపై ఎక్కువ గోల్సు కొట్టినవారిదే గెలుపన్న అప్పటి నియమం వల్ల ఇరాన్ నెగ్గింది, ఒక్క ఆటా ఓడకుండానే మనవాళ్ళు ఇంటిదారి పట్టారు. (అప్పటికి నేను వచ్చి కొద్ది నెలలే అయినా, ఆ రాత్రే నా నోట "మనవాళ్ళు" అన్న మాట మొదటిసారి వచ్చింది.) దాదాపు 85 వేల మంది ఉన్న మైదానంలో చడీచప్పుడూ లేదు. పెద్దాయన మెడలోని ఆకుపచ్చ, పసుపు స్కార్ఫు తీసి, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో ఉంచుకున్నారు. రైల్వే స్టేషను చేరేదాకా పెదవి విప్పలేదు.

ఆయన దుఃఖం నాకు తర్వాత అర్థమైంది. ఇక్కడ ఫుటీకి (ఆస్ట్రేలియా సొంత తరహా ఫుట్‌బాల్), క్రికెట్‌కు ఉన్న గౌరవం ఆ రోజుల్లో సాకర్‌కు ఉండేది కాదు. గ్రీకులు, ఇటాలియన్లు, క్రొయేషియన్లు తమ క్లబ్బులు పెట్టుకుని నిలబెట్టిన ఆ ఆటను వలసవచ్చినవాళ్ళ ఆట అని చులకనగా చూసేవారు. కొత్తగా వచ్చిన నాకు, ఈ దేశంలో ఎవరినీ అనుమతి అడగకుండా చేరిపోగల చోటు అదొక్కటే కనిపించింది.

2001లో ప్రపంచ కప్పు అర్హత పోరులో ఉరుగ్వే చేతిలో మళ్ళీ నిరాశే మిగిలింది. 2005లోనూ అదే ఉరుగ్వే ఎదురైంది. మాంటెవిడియోలో 1-0తో ఓడిన జట్టు, నవంబరు 16న సిడ్నీలో మార్క్ బ్రెషియానో గోలుతో 1-0తో గెలిచి పెనాల్టీల దాకా తెచ్చింది. కెప్టెన్ మార్క్ విడుకా కొట్టిన బంతి బయటికి పోయినప్పుడు నేను టీవీ ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మన గోల్‌కీపర్ మార్క్ ష్వార్జర్ రెండో పెనాల్టీని కూడా ఆపాడన్న కేక విని పరుగున వచ్చేసరికి జాన్ అలోయిసి బంతి ముందు నిలబడి ఉన్నాడు. వలలోకి కొట్టి, చొక్కా విప్పి గాలిలో తిప్పుతూ మైదానమంతా పరుగెత్తాడు. ఫోను మోగింది. అవతల పెద్దాయన ఏడుపు తప్ప మాట వినిపించలేదు. విడుకా, బ్రెషియానో, అలోయిసి: చులకనైన ఆ వలసకుటుంబాల పేర్లే అవన్నీ.

ఇక భారత్ సంగతి. 2011 జనవరిలో దోహాలో జరిగిన ఆసియా కప్పులో రెండు జట్లూ తలపడ్డాయి. టిమ్ కాహిల్ గోలు కొట్టినప్పుడు చప్పట్లు కొట్టాను, భారత్ గోల్‌కీపర్ సుబ్రతా పాల్ బంతి ఆపినప్పుడల్లా అంతకంటే గట్టిగా కొట్టాను. ఆస్ట్రేలియా 4-0తో గెలిచిన ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నాకు రెండు వైపులున్నాయి, మీ అబ్బాయికి ఇప్పటికి ఒకటే తెలుసు, అందులో వాడి తప్పేమీ లేదు. 1956 ఒలింపిక్సులో, మీరున్న మెల్‌బోర్న్‌లోనే, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిందనీ, నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు కొట్టాడనీ వాడికి చెప్పండి. మళ్ళీ ఈ రెండు జట్లు ఎదురుపడినప్పుడు వాడిని పసుపు చొక్కా వేసుకోనిచ్చి, పక్కనే కూర్చుని, భారత్ గోలు కొడితే మీరు లేచి కేక వేయండి.