మార్కెట్‌ప్లేస్ క్రెడిట్ తీసుకుంటే వెల్ఫేర్ తిన్నట్టేనా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 44 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉంది. పోయినేడాది లేఆఫ్ అయ్యాక ఒక చిన్న కన్సల్టెన్సీలో డబ్ల్యూ2 మీద (జీతం తీసుకునే ఉద్యోగిగా) చేరాను. జీతం 1,22,000 డాలర్లు. హెల్త్ ఇన్సూరెన్స్ లేదు, 401కే (ఆఫీసు రిటైర్‌మెంట్ పొదుపు) లేదు. నా భార్య ప్రీస్కూల్లో పార్ట్‌టైమ్ చేసి ఏడాదికి 16,000 తెస్తుంది, అక్కడా ఈ సౌకర్యాలు లేవు. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, ఎన్ఆర్ఈ ఎఫ్‌డీల వడ్డీ కలిపి 6,000 దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలు. 2024లో గ్రీన్‌కార్డు మీద వచ్చిన మా అమ్మ (67) మాతోనే ఉంటుంది. ఆవిడకి షుగర్, బీపీ ఉన్నాయి, ప్రస్తుతానికి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. ఇండియాలో ఆవిడ పేరున ఉన్న ఎఫ్‌డీల మీద ఏడాదికి రెండు లక్షల రూపాయల వడ్డీ వస్తుంది. జనవరి నుంచి మా నలుగురికీ ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో బ్రాంజ్ ప్లాన్ (ప్రీమియం తక్కువ, జబ్బు చేస్తే సొంత ఖర్చు ఎక్కువ) తీసుకుని నెలకు 1,450 కడుతున్నాం. దాని పై స్థాయి అయిన సిల్వర్‌లో రెండో చవకైన ప్లాన్ అయితే 1,900. ఆదాయం ఎక్కువ కాబట్టి ప్రీమియం భారం తగ్గించే ట్యాక్స్ క్రెడిట్ రాదని చూపించింది. ఏమైనా దారి ఉందా? న్యూజెర్సీలో ఉండే మా తోడల్లుడు మాత్రం, ‘అది వెల్ఫేర్. మనం ట్యాక్స్ కట్టేవాళ్ళం, తినేవాళ్ళం కాదు’ అంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే వాదన. డబ్బు సంగతి ఒక టెన్షన్, ఇది ఇంకో టెన్షన్.

జవాబు: మీకు క్రెడిట్ వస్తుంది. అప్లికేషన్‌లో కుటుంబం నలుగురని రాశారు, అందుకే రాలేదు. అమ్మగారిని కలిపి ఐదుగురని రాయాలి. ఆవిడ ఆ ప్లాన్‌లో చేరకపోయినా సరే, మీ ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా ఉంటే చాలు, కుటుంబ లెక్కలోకి వస్తారు.

2026 ప్లాన్లకు వాడే పేదరిక రేఖ నలుగురికి 32,150 డాలర్లు. దానికి నాలుగు రెట్లు, అంటే 1,28,600 దాటిన కుటుంబానికి క్రెడిట్ సున్నా. మీ ఆదాయం 1,44,000 కాబట్టి కంప్యూటర్ కాదంది. ఐదుగురి కుటుంబానికి రేఖ 37,650, నాలుగు రెట్లు 1,50,600. మీరు దాని లోపలే ఉన్నారు.

అమ్మగారు డిపెండెంట్ కావాలంటే ఆవిడ ఖర్చులో సగానికి పైగా మీరు భరించాలి, 2026లో ఆవిడ సొంత ఆదాయం 5,300 డాలర్ల లోపు ఉండాలి. రెండు లక్షల రూపాయలంటే 2,300 డాలర్ల లోపే కాబట్టి ఇబ్బంది లేదు. 2024, 2025 రిటర్నుల్లో ఆవిడ పేరు చేర్చారో లేదో ఈ వారమే చూడండి. చేర్చకపోతే 1040ఎక్స్ వేసి సవరించుకోవచ్చు, మీరు అర్హులైన ఒక్కో ఏడాదికి 500 డాలర్ల డిపెండెంట్ క్రెడిట్ వస్తుంది.

ఇప్పుడు ఎంత వస్తుందో చూద్దాం. మీ ఆదాయ స్థాయిలో ఉన్న కుటుంబం 2026లో ఆదాయంలో 9.96 శాతం తన వాటాగా పెట్టుకోవాలి. రెండో చవకైన సిల్వర్ ప్లాన్ ప్రీమియంలో ఆ వాటా పోగా మిగిలింది క్రెడిట్. నెలకు 1,900 అంటే ఏడాదికి 22,800. మీ వాటా 14,342. క్రెడిట్ 8,458 డాలర్లు. బ్రాంజ్ ప్లాన్‌లో ఉన్నా అంతే వస్తుంది.

ఇంకొంచెం పెంచుకోవచ్చు. ఈ ఏడాది నుంచి మార్కెట్‌ప్లేస్‌లోని బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) అర్హత వచ్చింది. కుటుంబానికి 8,750 దాకా అందులో వేయొచ్చు. మీ ఇద్దరికీ ఆఫీసులో రిటైర్‌మెంట్ ప్లాన్ లేదు కాబట్టి ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో (సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతాలో) చెరో 7,500 వేస్తే మొత్తం తగ్గింపుగా చూపించుకోవచ్చు. మూడూ నిండా వేస్తే 23,750 తగ్గి, లెక్కలోకి వచ్చే ఆదాయం 1,20,250 అవుతుంది. క్రెడిట్ 10,823కి పెరుగుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మరో 3,900 దాకా మిగులుతుంది. అంత డబ్బు చేతిలో లేదంటే కంగారు పడకండి, 2027 ఏప్రిల్ 15 దాకా గడువుంది. ముందు హెచ్‌ఎస్‌ఏ నింపండి. బ్రాంజ్ ప్లాన్‌లో జబ్బు చేస్తే జేబులోంచి పోయేది ఎక్కువ. నెట్‌వర్క్ లోపలే చూపించుకున్నా కుటుంబానికి ఏడాదికి 21,200 దాకా వెళ్ళొచ్చు.

ఒక చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇదివరకు ఆదాయం తక్కువ అంచనా వేసి ఎక్కువ క్రెడిట్ వాడేసుకున్నా, మీ స్థాయి కుటుంబాలు వెనక్కి కట్టాల్సిన మొత్తానికి ఒక పరిమితి ఉండేది. 2025 జూలై 4న సంతకమైన చట్టం 2026 నుంచి దాన్ని తీసేసింది. డిసెంబర్‌లో ఒక బోనస్ వచ్చి మీరు 1,50,600 దాటితే, వాడుకున్న క్రెడిట్ మొత్తం వెనక్కి కట్టాలి. అందుకే నా సలహా: నెలనెలా ముందుగా తీసుకోవద్దు. ఎలాగూ 1,450 కట్టగలుగుతున్నారు. వచ్చే ఏడాది రిటర్న్ వేసేటప్పుడు మార్కెట్‌ప్లేస్ పంపే 1095-ఏ చూసి, క్రెడిట్ లెక్కగట్టే ఫారం 8962 నింపి మొత్తం ఒకేసారి తీసుకోండి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో ట్యాక్స్ లేకపోయినా ఇక్కడ ఆదాయమే. మీరు దాన్ని దాచకుండా రాసినందుకు సంతోషం. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

ఇక మీ తోడల్లుడి గారి మాట. దీన్ని తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే మన కుటుంబాల్లో ఎంతోమంది న్యాయంగా వచ్చేది కూడా వదులుకుని, ఇన్సూరెన్స్ లేకుండా రోజులు నెట్టుకొస్తున్నది ఈ ఒక్క మాటకు భయపడే.

ఆయనకు ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందనుకుంటాను. 2025లో అమెరికాలో ఆఫీసులిచ్చే కుటుంబ ఇన్సూరెన్స్ సగటు ప్రీమియం దాదాపు 27,000 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది సుమారు 6,850, మిగతాది కంపెనీ కడుతుంది. ఆ 27,000 కూడా ఆయన కష్టానికి వచ్చిన ప్రతిఫలమే. కానీ దాని మీద ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టరు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ట్యాక్సులూ కట్టరు. అదే డబ్బు జీతంగా చేతికి వచ్చి ఉంటే, 22 శాతం శ్లాబులో ఉన్న మనిషికి 7.65 శాతం కలిపి సుమారు 8,000 డాలర్లు ట్యాక్స్ పడేది. ఆ 8,000 ప్రభుత్వం వదులుకుంది. మీకు రాబోయే 8,458కీ ఆయనకు ఏటా మిగిలే 8,000కీ తేడా ఒకటే: మీది ఫారంలో కనిపిస్తుంది, ఆయనది కనిపించదు. పైగా ఆయన రాయితీకి ఆదాయ పరిమితి లేదు. శ్లాబు పెరిగేకొద్దీ మిగిలేదీ పెరుగుతుంది.

ఇది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన పద్ధతి కూడా కాదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. మనుషులను ఆకర్షించడానికి కంపెనీలు జీతానికి బదులు ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. 1954 ట్యాక్స్ చట్టం దానికి పన్ను మినహాయింపును ఖాయం చేసింది. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోయే ఈ ఏర్పాటు అప్పటి నుంచీ నడుస్తోంది. లేఆఫ్ అయిన నెలలో కోబ్రా (ఉద్యోగం పోయాక అదే ఆఫీసు ప్లాన్‌ను సొంత డబ్బుతో కొనసాగించే వీలు) ప్రీమియం చూసి మీరు ఉలిక్కిపడే ఉంటారు. అది కొత్తగా పెరిగిన ధర కాదు, అంతకుముందు కంపెనీ కట్టి మీకు కనిపించకుండా ఉన్న ధరే, మహా అయితే మీద రెండు శాతం ఖర్చులకు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ప్రీమియం జీతాన్ని చూడదు. ఒకే ఆఫీసులో 45,000 జీతం వచ్చే మనిషికీ రెండు లక్షలు వచ్చే మేనేజర్‌కీ కుటుంబ ప్లాన్ ఖరీదు ఒకటే. ట్యాక్స్ అయితే జీతాన్ని బట్టి పెరుగుతుంది. ‘అమెరికాలో ట్యాక్స్ తక్కువ’ అనుకునేటప్పుడు ఈ 27,000 కూడా కలిపి చూడాలని నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను. మధ్యతరగతి మనిషికి అది పేరు మారిన ట్యాక్సే.

ఆయన మాటలో న్యాయం లేదని అనను. 2025 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ ప్రభుత్వం సుమారు 7 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు చేసింది, అందులో దాదాపు 1.8 లక్షల కోట్లు అప్పే. 2021 నుంచి 2025 దాకా క్రెడిట్‌కు ఆదాయ పరిమితి లేకుండా ఉండేది. దాన్నే శాశ్వతం చేస్తే పదేళ్లలో 35,000 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్కగట్టింది. ఆ గొడవలోనే 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. చివరికి పొడిగింపు లేకుండానే ఆ ఏడాది ముగిసి, పాత పరిమితి తిరిగి వచ్చింది. డబ్బు ఎక్కడినుంచి తేవాలి అని అడగడం న్యాయమైన ప్రశ్నే. కానీ వెల్ఫేర్ అనగానే అందరి మనసులో మెదిలే నగదు సాయం ఉంది చూశారూ, 1996 చట్టం కింద రాష్ట్రాలకిచ్చే ఆ మొత్తం ఏటా 1,650 కోట్ల డాలర్లు, అప్పటి నుంచీ దాదాపు అంతే. ఫెడరల్ ప్రభుత్వం వంద డాలర్లు ఖర్చు పెడితే అందులో పాతిక సెంట్లు కూడా కాదు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్), ఫుడ్ స్టాంప్స్ కలిపితే చాలా పెద్దదవుతుంది, నిజమే. అయితే మెడికెయిడ్ డబ్బులో పెద్ద భాగం వృద్ధులకూ వికలాంగులకూ పోతుంది.

మీరున్న టెక్సాస్ మెడికెయిడ్‌ను విస్తరించని 10 రాష్ట్రాల్లో ఒకటి. పేదరిక రేఖకు దిగువన ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికి ఇక్కడ మెడికెయిడ్ రాదు, మార్కెట్‌ప్లేస్ క్రెడిట్ కూడా రాదు. గ్యాస్ స్టేషన్లలో, మోటళ్లలో గంటల లెక్కన పనిచేసే మనవాళ్లూ అందులో ఉంటారు. మీ 1,50,600 దగ్గర ఒక్క డాలర్ ఎక్కువైతే వేలు పోవడం ఎంత అన్యాయమో, అడుగున ఏమీ రాకపోవడం అంతకంటే అన్యాయం. ఆదాయం పెరిగేకొద్దీ సాయం మెల్లగా తగ్గాలి గానీ ఒక్కసారిగా తెగిపోకూడదు. నా అభిప్రాయం ఇది, దాచుకోను. మీరు ఏ పార్టీ వైపున్నా, చట్టం ఇచ్చిన క్రెడిట్ తీసుకోవడానికి దానితో సంబంధం లేదు. ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు తీసుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు కదా!

గ్రీన్‌కార్డు గురించి భయం ఉంటే, మీరు రేపు సిటిజన్‌షిప్‌కు అప్లై చేసినప్పుడు పబ్లిక్ చార్జ్ పరీక్ష (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూడడం) ఉండదు. అమ్మగారి గ్రీన్‌కార్డు కోసం స్పాన్సర్ సంతకం పెట్టిన ఐ-864 (ఆవిడ పోషణకు హామీ పత్రం) వేరే సంగతి. ఆవిడ పేరున మెడికెయిడ్, ఎస్ఎస్ఐ (పేద వృద్ధులకిచ్చే నగదు సాయం) లాంటివి తీసుకుంటే ప్రభుత్వం ఆ డబ్బు ఆ సంతకం పెట్టినవాళ్ల దగ్గర వసూలు చేయవచ్చు. వాటి జోలికి వెళ్లకండి. ట్యాక్స్ క్రెడిట్ ఆ లెక్కలోకి రాదు.

అమ్మగారి ఇన్సూరెన్సే ఇప్పుడు మీ ఇంట్లో అసలు ప్రమాదం. విజిటర్ పాలసీలు పాత జబ్బులకు సాధారణంగా డబ్బివ్వవు. షుగర్ ఉన్న మనిషికి గుండెనొప్పి వస్తే ఏ కాగితం చూపించి కాదంటారో చెప్పలేం. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో ఆసుపత్రి చూడక తప్పదు, కానీ బిల్లు మీకే వస్తుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ పాత జబ్బుల పేరుతో ఎవరినీ కాదనలేదు. ఇదివరకు ఆవిడలాంటి కొత్త గ్రీన్‌కార్డు తల్లిదండ్రులు సొంతంగా, ఆదాయం లేకున్నా, క్రెడిట్ తీసుకునే వీలుండేది. ఈ జనవరి నుంచి పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది పోయింది. కాబట్టి మీ డిపెండెంట్‌గా, మీ ఆదాయం మీదే ఆవిడను చేర్చాలి. విజిటర్ పాలసీ ముగిసిందని చెప్పి మధ్యలో చేరనివ్వరు, దాన్ని అసలు కవరేజిగా లెక్కించరు. నవంబర్ 1న ఎన్‌రోల్‌మెంట్ తెరుస్తారు, డిసెంబర్ 15 లోపు ముగించండి. అప్పుడు జనవరి 1 నుంచి కవరేజి ఉంటుంది. ఆవిడ వయసుకు ప్రీమియం చాలా ఎక్కువగా కనిపిస్తుంది, భయపడకండి. రెండో చవకైన సిల్వర్ ప్లాన్ లెక్కన కుటుంబమంతా కలిపి మీ వాటా ఆదాయంలో దాదాపు అంతే శాతం, పైన పెరిగేదంతా క్రెడిట్‌లోకి వెళుతుంది. అప్పటిదాకా మందులకూ రక్తపరీక్షలకూ దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు.

మెడికేర్ (65 దాటినవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్) సంగతి 2029లో వస్తుంది, అమ్మగారు ఇక్కడ వరసగా ఐదేళ్లు నివసించాక. మీరు ఎన్నేళ్లు ట్యాక్స్ కట్టినా కొడుకు ఉద్యోగంతో జమయిన మెడికేర్ అర్హత తల్లికి పనికిరాదు, డబ్బు పెట్టి కొనుక్కోవాలి. 2026 ధరల్లో పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చులకు) నెలకు 565, పార్ట్ బీ (డాక్టర్ ఖర్చులకు) 202.90. ఐదేళ్లు నిండబోయే ముందు మూడు నెలల్లో మెడికేర్‌నూ మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆలస్యం చేస్తే పెనాల్టీ పడుతుంది. ఆవిడ ఎఫ్‌డీల మొత్తం 10,000 డాలర్లు దాటే ఉంటుంది కాబట్టి, రిటర్న్ వేయాల్సిన అవసరం లేకున్నా ఆవిడ పేరున ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం) తప్పక వేయండి.

హెచ్1బీ మీద ఉన్న స్నేహితులెవరైనా మార్కెట్‌ప్లేస్ క్రెడిట్ వాడుకుంటుంటే వాళ్లకు ఇప్పుడే చెప్పండి. 2027 జనవరి నుంచి వీసా మీద ఉన్నవాళ్లకు ఆ క్రెడిట్ రాదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, సిటిజన్లకు కొనసాగుతుంది. ఇన్సూరెన్స్ ఇచ్చే ఉద్యోగం చూసుకోవడానికైనా, పూర్తి ప్రీమియానికి డబ్బు పక్కన పెట్టుకోవడానికైనా వాళ్లకున్నది ఈ ఏడాదే.