పాయింట్ పెట్టే ముందు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

భూగర్భజలాల మీద పీహెచ్‌డీలో చేరావని, తెలంగాణ గ్రానైట్ ప్రాంతాన్నే ఎంచుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. సాఫ్ట్‌వేర్ ఎలాగూ నేర్చుకుంటావు. మొదటి ఎండాకాలం మాత్రం పూర్తిగా ఫీల్డ్‌కే ఇచ్చెయ్యి తల్లీ.

ఎందుకంటున్నానో విను. స్లంబర్జర్ పద్ధతిలో సౌండింగ్ చేస్తే, అంటే నేలలోకి కరెంటు పంపి, లోపలి పొరలు దాన్ని ఎంత అడ్డుకుంటాయో (నిరోధకత) పైనుంచే కొలిస్తే, మన దగ్గర ఎక్కువగా మూడు పొరల కర్వ్ వస్తుంది: పైన ఎండిన మట్టి, మధ్యలో తడి ఉన్న శిథిల పొర (రాయి చివికి మెత్తబడిన భాగం), అడుగున గట్టి రాయి. ఆ మధ్య పొర 10 మీటర్ల మందం, 20 ఓమ్-మీటర్ల నిరోధకత అనుకున్నా, 20 మీటర్ల మందం, 40 ఓమ్-మీటర్లు అనుకున్నా కర్వ్ దాదాపు ఒకటే. మందాన్ని నిరోధకతతో భాగిస్తే వచ్చే విలువే పైనుంచి మనకు తెలుస్తుంది, విడివిడిగా అవి తెలియవు. సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచి, ఎర్రర్ రెండు శాతమే అని చూపిస్తుంది. అది చూసి మురిసిపోకు. ఆ 20 ఓమ్-మీటర్లది నీళ్లివ్వని బంకమట్టి కూడా కావచ్చు.

అప్పుడు పక్క పొలం రైతు దగ్గరికి వెళ్లి, బోరు గోడ కూలకుండా వేసే కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దించారో అడుగు. గట్టి రాయి తగిలేదాకా దించుతారు కాబట్టి 40 అడుగులంటే శిథిల పొర సుమారు 12 మీటర్లు. ఆ మందాన్ని మోడల్‌లో కదలకుండా పెడితే నిరోధకత 24 దగ్గర తేలుతుంది. ఖర్చు లేని సమాచారం ఇది, అయినా అడిగేవాళ్లు తక్కువ.

ఎక్కడైనా రిగ్గు నడుస్తుంటే పక్కనే నిలబడు. పొడి దుమ్ము ఏ లోతు దాకా వచ్చింది, తడి ఎక్కడ మొదలైంది, డ్రిల్లర్ ‘గ్యాప్ తగిలింది’ (రాతిలో పగులు వచ్చింది) అన్నది ఎన్నో రాడ్ దగ్గర, అన్నీ అక్కడికక్కడే రాసుకో.

మహేశ్వరం పరీవాహక ప్రాంతంపై వచ్చిన పేపర్లు తప్పక చదువు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థ బీఆర్‌జీఎం కలిసి హైదరాబాద్‌కు దక్షిణాన సుమారు 53 చదరపు కిలోమీటర్లలో చేసిన పని అది. శిథిల పొర కింద ఉండే పగుళ్ల పొర కూడా రాయి శిథిలం కావడం వల్లే ఏర్పడిందనీ, లోతుకు పోయేకొద్దీ నీరు పారే పగుళ్లు తగ్గిపోతాయనీ అక్కడ బాగా తేలింది. ఇంకో వంద అడుగులు దించితే నీళ్లు పడతాయేమో అని అప్పు చేసే రైతుకు ఈ మాట చేరాలి. పైగా ఇలాంటి రాతిలో నీరు నిలిచే చోటు నూటికి ఒకటి రెండు వంతులే. నీటిమట్టం మీటరు పడిపోతే మనం వాడుకున్నది ఒకటి రెండు సెంటీమీటర్ల నీరన్నమాట. మంచి వాన పడితే మట్టం గబగబా పైకి రావడమూ, నాలుగు మోటార్లు నడిస్తే అంతే వేగంగా కిందికి పోవడమూ అందుకే.

ఉద్యోగం సంగతి ఇప్పుడే టెన్షన్ పడకు. నెట్ పరీక్ష, ఫెలోషిప్ గడువులు చూసుకో, ఏడాదికి ఒక పేపర్ రాయగలిగితే మేలు. నువ్వు పాయింట్ పెట్టాక, అంటే ఇక్కడ బోరు వేయండి అని చోటు చూపించాక, ఎండిపోయిన బోర్లు ఉంటే వాటినీ థీసిస్‌లో పట్టిక వేసి చూపించు. ఎవరు వద్దన్నా వినకు. తర్వాత అదే ఊరికి వచ్చే విద్యార్థికి నీ విజయాలకన్నా ఆ పట్టికే ఎక్కువ పనికొస్తుంది.

మొదటి సౌండింగ్ అవగానే రీడింగులు, కేసింగ్ లోతులు రెండూ పంపు. కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న