ఇంట్లో కట్టిన చెక్క డ్రిఫ్ట్ బోటుకి లంగరు ఎలా బిగించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: 16 అడుగుల ప్లైవుడ్ డ్రిఫ్ట్ బోటు (నది ప్రవాహంతో పాటు తెడ్లతో నడిపే చిన్న పడవ), తిప్పేది భీమిలి దగ్గర గోస్తనిలో, తెడ్లు వేసే సీటు మీంచి లేవకుండా లంగరు దింపాలి, ఎత్తాలి. చేసుకోవచ్చు. అయితే చాలామంది కప్పీలు, క్లీట్లు (తాడుని జారకుండా పట్టే బిగింపులు) ముందు కొనేసి చెక్క సంగతి ఆఖర్లో చూస్తారు. మొదలుపెట్టాల్సింది చెక్కతోనే.

లంగరు వేలాడేది బోటు వెనక పలకకి బిగించిన బ్రాకెట్ మీద. బ్రాకెట్ చెయ్యి బయటికి 20 సెంటీమీటర్లు చాచి ఉండాలి, లేకపోతే ఊగిన ప్రతిసారీ లంగరు పలకకు కొట్టుకుని పెయింటు, ఆ తర్వాత ప్లై పొరలు లేచిపోతాయి. అలా చాచినందువల్ల పై బోల్టుల మీద లాగుడు పెరుగుతుంది. పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య 5 సెంటీమీటర్లే ఉంటే 13 కిలోల లంగరు పై వరసను 52 కిలోల బలంతో లాగుతుంది. అదే దూరం 15 సెంటీమీటర్లయితే లాగుడు 17 కిలోలకు దిగుతుంది. అందుకే పొడుగాటి బేస్ ప్లేటున్న బ్రాకెట్ చేయించండి. గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపువాళ్లకు కొలతలతో బొమ్మ గీసి ఇస్తే చాలు.

12 ఎంఎం ప్లై పలక ఒక్కటే ఈ బరువు మొయ్యదు. లోపలి వైపు 18 ఎంఎం మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్) ముక్కలు రెండు ఒకదానిమీద ఒకటి ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికించండి. బ్రాకెట్ కన్నా అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్లు పెద్దగా ఉండాలి, వీలైతే పక్క ఫ్రేముల్ని తాకాలి. బోల్టులు 8 ఎంఎం, లోపల వెడల్పాటి వాషర్లు. మరమేకులతో (స్క్రూలతో) బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊడొస్తాయి. భీమిలి దగ్గర నీళ్లు ఉప్పువి కాబట్టి స్టీలు 316 రకమే తీసుకోండి, 304కి తుప్పు చుక్కలు పడతాయి.

బోల్టు కంత విషయంలో తొందరపడొద్దు. ముందు 12 ఎంఎం కంత వేసి, చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో 8 ఎంఎం కంత వెయ్యాలి. అప్పుడు బోల్టు పక్కనుంచి దిగిన నీళ్లు చెక్కను తాకవు. మన ఎండకి ఎపాక్సీ కప్పులోనే వేడెక్కి గడ్డకడుతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఉక్కపోత రోజుల్లో గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది. మంచినీళ్లు పోసి స్క్రబ్బరుతో కడిగి, తడారాకే ఉప్పు కాగితం పట్టాలి. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి పై కోటు పెచ్చులుగా లేచిపోతుంది. బోల్టుల చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ పెట్టండి. సిలికాన్ వద్దు, దాని మీద పెయింటు నిలవదు.

తాడు దారి ఇలా ఉంటుంది: బ్రాకెట్ కొసన ఒక రోలరు, పలక అడుగున ఒక కప్పీ, అక్కణ్ణుంచి నేల వెంబడి సీటు కిందికి, అక్కడ ఇంకో కప్పీ, పైన చేతికందే చోట కామ్ క్లీట్ (రెండు పళ్ల దవడల మధ్య తాడుని నొక్కిపట్టేది). తాడు 90 డిగ్రీలు తిరిగే చోట కప్పీ మీద పడే బలం తాడు లాగుడుకి 1.4 రెట్లు. కాబట్టి కప్పీల్ని ఫ్రేముకే బిగించండి, నేల పలకకు కాదు. చక్రం 50 ఎంఎంకి తగ్గొద్దు. తాడు క్లీట్‌లోకి తిన్నగా రావాలి, వాలుగా వస్తే పళ్లు ఒకవైపే పట్టి జారిపోతుంది. కొందరు తాడుని పీవీసీ పైపులోంచి తీస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ లోపల ఇసుక చేరి తాడుని అరగదీస్తుంది.

తాడు 10 లేదా 12 ఎంఎం అల్లిక నైలాన్. పాలీప్రొపిలీన్ తాడు చవకే, కానీ నీళ్లమీద తేలుతుంది, ఎండకి పెళుసవుతుంది. 3 మీటర్ల లోతుకి, లోపలి దారితో కలిపి, 20 మీటర్లు తీసుకోండి. లంగరు మీ వీపు వెనక ఉంటుంది కాబట్టి మీటరుకో రంగు దారం చుట్టుకుంటే తిరిగి చూడకుండానే ఎంత దిగిందో తెలుస్తుంది.

ఇక లంగరు. సిమెంటు దిమ్మ పోసుకుందామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. 13 కిలోల కాంక్రీటు నీళ్లలో ఏడున్నర కిలోలే తూగుతుంది. అదే ఇనుమైతే 11 కిలోల పైనే ఉంటుంది. రాళ్ల అడుగున్న నదుల్లో పిరమిడ్ ఆకారపు ఇనుప లంగరు చాలు, డ్రిఫ్ట్ బోట్లు పుట్టిన అమెరికాలోని ఆరెగాన్ నదుల్లో వాడేది అదే. గోస్తని మొగ దగ్గర ఇసుకలో అది జారుతుంది. అక్కడికి రాడ్లు వంచి చేసిన నాలుగు కొక్కేల లంగరు, దానికి 2 మీటర్ల గొలుసు కావాలి. గొలుసుని కొక్కేల మొదట్లో, అంటే అడుగు వైపు, షాకిల్‌తో (పిన్నుతో మూసే U ఆకారపు ఇనుప కొలికి) కట్టి, పై రింగుకి ఒక్క కేబుల్ టైతో మాత్రమే అంటించండి. వలకో, వేరుకో చిక్కుకున్నప్పుడు గట్టిగా గుంజితే టై తెగి, లంగరు అడుగునుంచి తలకిందులుగా ఊడొస్తుంది.

తాడు చివరి కొసని బోటుకి కట్టొద్దు, ముడీ వెయ్యొద్దు. కొస కాల్చి నున్నగా వదిలెయ్యండి. వానాకాలం ఎర్రనీళ్లు దిగేటప్పుడు లంగరు పట్టేస్తే, పొట్టి తాడు వెనక పలకను కిందికి గుంజి నీళ్లు లోపలికి తెస్తుంది. అప్పుడు క్లీట్ విప్పగానే తాడంతా కప్పీల్లోంచి జారిపోవాలి. అది కూడా ఇరుక్కుంటే కొయ్యడానికి సీటు పక్కనే కత్తి ఉండాలి. లంగరు పోతే ఇంకోటి చేయించుకోవచ్చు. వేగంగా పారే నీళ్లలో మాత్రం అసలు లంగరు వెయ్యకండి, బోటు పక్క నుంచి ఎప్పుడూ వెయ్యకండి. మొగ దాటి సముద్రపు అలల్లోకి ఈ బోటుని తీసుకెళ్లొద్దు.

నీళ్లలో దించేముందు గట్టుమీదే పరీక్షించండి. బోటు ముందు కొసని బరువుతో అదిమి, లంగరు బదులు 50 కిలోల సిమెంటు బస్తా కట్టి, క్లీట్‌తో ఎత్తి రాత్రంతా వేలాడదీయండి. పొద్దున్నే వాషర్ల చుట్టూ వేలితో తడమండి. చెక్క నొక్కుకుపోయినా, ఎపాక్సీ అంచున వెంట్రుకంత చీలిక కనిపించినా లోపల అతికించిన ప్లై దిమ్మ చాలలేదన్నమాట. విప్పి పెద్దది పెట్టండి.