ఐవీఎఫ్‌కు అప్పు, మందులకు అత్యవసర నిధి: రెండూ వద్దు

ప్రశ్న: నాకు 41, నా భార్యకు 38 ఏళ్లు. మా ఇంటి నెల ఆదాయం 100 అనుకుంటే నాది 60, ఆమెది 40. ఇంటి రుణం ఈఎంఐ 30, ఖర్చులు 40, సిప్‌లు (ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) 20. ఈక్విటీ ఫండ్లలో 4 నెలల ఆదాయమంత ఉంది, దాన్ని కదపదలచుకోలేదు. అత్యవసర నిధిలో ఖర్చులు, ఈఎంఐలకు 3 నెలలకు సరిపడా ఉంది. మూడు ప్రయత్నాల ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) ప్యాకేజీకి 5 నెలల ఆదాయమంత పర్సనల్ లోన్ (14 శాతం వడ్డీ, 4 ఏళ్లు) తీసుకుని, మందులకు, పరీక్షలకు ఆ నిధి వాడాలనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: కాదు. ఆలస్యంగా పిల్లల కోసం ప్రయత్నించే చాలా జంటలు ఇక్కడే పొరబడతాయి. చికిత్సకు ఎంతవుతుందో చూస్తారు కానీ, అది ఫలించాక ఇంటి ఆదాయం ఎంత తగ్గుతుందో చూడరు.

మీ అంకెలతోనే చూద్దాం. ఈ లోన్ ఈఎంఐ దాదాపు 14. ఇంటి రుణంతో కలిపితే 44. ఈ వయసు గర్భంలో బీపీ, షుగర్, నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం ఎక్కువ. డాక్టర్ విశ్రాంతి తీసుకోమంటే జీతం లేని సెలవు తప్పకపోవచ్చు. ఆమె 40 ఆగిందంటే మీ 60లో ఈఎంఐలు పోగా 16 మిగులుతుంది. ఇంటి ఖర్చు మాత్రం 40. నెలనెలా 24 లోటు, ఆదుకోవాల్సిన నిధి అప్పటికే ఖాళీ. ఇక మిగిలేది క్రెడిట్ కార్డు! పైగా మూడు ప్రయత్నాలూ ఫలించకపోయినా, తీసుకున్న 5 నెలల ఆదాయానికి ఆరున్నర నెలల ఆదాయం కట్టి తీరాలి. దయచేసి ఆ దరఖాస్తు ఆపండి.

38 ఏళ్ల వయసులో ఏళ్ల తరబడి ఆగమని నేను చెప్పను. మొదటి ప్రయత్నానికి మాత్రమే డబ్బు ఫండ్లలోంచి తీయండి. మందులు, పరీక్షలు కూడా అందులోంచే. ఫండ్లు కదపనంటూ 14 శాతానికి అప్పు చేయడంలో అర్థం లేదు. మూడింటికీ ముందే కట్టేయకండి. ఒకసారి అండాలు తీసినప్పుడు పిండాలు మిగిలితే ఫ్రీజ్ చేస్తారు. రెండోసారి వాటినే ప్రవేశపెడితే, మళ్లీ అండాలు తీసే ఖర్చు ఉండదు. ఇంజెక్షన్లు, పిండాలు నిల్వ ఉంచేందుకు ఏటా కట్టే రుసుము ప్యాకేజీలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

నిధిని ముట్టుకోకండి. సిప్‌లు తాత్కాలికంగా ఆపి, మిగులు మొత్తం 30 అందులోనే వేయండి. ఇప్పుడున్న 210 (నెలకు 70 చొప్పున 3 నెలలది) ఏడు నెలల్లో 420 అవుతుంది, అంటే 6 నెలలకు సరిపడా. అక్కడా ఆగకండి, కాన్పు దాకా వేస్తూనే ఉండండి. లోన్ లేకపోతే ఆమె జీతం ఆగిన నెలలో లోటు 24 కాదు, 10. అప్పుడు ఈ నిధి బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉండాల్సి వచ్చినా తట్టుకుంటుంది. బిడ్డ పుట్టాక పిల్లల ఖర్చు కలిపి 9 నెలలకు పెంచి, ఆ తర్వాతే సిప్‌లు మొదలుపెట్టండి. ఈ డబ్బు సేవింగ్స్ ఖాతా, ఎఫ్‌డీ దాటి ఎక్కడికీ వెళ్లకూడదు.

బీమా సంగతి: మీ టర్మ్ పాలసీ (మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) మీ 60 ఏళ్లకే ముగిసేదైతే అప్పటికి బిడ్డకు పద్దెనిమిదో ఏడు, కాబట్టి 67 ఏళ్ల దాకా ఉండే అదనపు కవర్ తీసుకోండి. ఆమె పేరిట కూడా తీసుకోవాలి, అదీ గర్భం రాకముందే. తర్వాతైతే బీమా సంస్థ కాన్పయ్యేదాకా ఆగమనవచ్చు. హెల్త్ పాలసీలో నవజాత శిశువుకు కవర్ మొదటి రోజు నుంచా, 90 రోజుల తర్వాతా అన్నది చికిత్స మొదలుపెట్టే ముందే చదవండి.